ఎస్తేరు సిస్టర్ కోపం

మొన్న ఆదివారం ఉదయం యానాంలో ఆటో డ్రైవర్లకు సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం, నేర్పుతున్నాను. నేల మీద రబ్బరు బొమ్మ ఉంది. దాని ఛాతీ సరైన లోతుకు దిగిన ప్రతిసారీ లోపల టిక్కుమని చప్పుడవుతుంది. నలభై దాటిన డ్రైవరొకాయన మోకాళ్ల మీద కూర్చుని మంచి ఊపులో నొక్కుతున్నాడు. మొదట అయిదారుసార్లు టిక్కు టిక్కుమంది. తర్వాత చప్పుడు ఆగిపోయింది. ఆయన ఆగలేదు. ఒంటి బరువంతా బొమ్మ మీద మోపేసి, ఛాతీని పైకి రానివ్వకుండా, అక్కడికక్కడే కుదుపుతున్నాడు. అప్పుడు హాలు దద్దరిల్లేలా ఒక అరుపు వినబడింది. “లేపు! చెయ్యి లేపవయ్యా! నొక్కడం ఎవడికైనా వచ్చు!” అరిచింది నేనే. గొంతు మాత్రం ఎస్తేరు సిస్టర్‌ది. ఆ మాటలు ఆమెవి, ఆ విసురు ఆమెది, చివర్న ముక్కుతో వదిలిన ఊపిరి కూడా ఆమెదే. డ్రైవరు బిత్తరపోయి, “బొమ్మే గదండీ, అంత కోపం ఎందుకండీ?” అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ కోపం ఎక్కడిదో చెప్పాలంటే ఆమె గురించి చెప్పాలి.

ఎస్తేరు రాణి దరియాలతిప్పలో పుట్టింది. తండ్రి, తమ్ముడు చేపల వేటకు వెళ్లేవారు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, మగవాళ్ల చేతుల్లాంటి చేతులు. యానాంలో అప్పట్లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు మూతపడింది, దాని పేరు చెప్పను. అందులో ఆమె హెడ్ నర్సు. మాది మెట్టకూరు. నర్సింగు పూర్తి చేసి నా మొదటి ఉద్యోగానికి అక్కడికే వెళ్లాను. మొదటి వారమే ఆయా నన్ను పక్కకు పిలిచి, “ఎస్తేరమ్మ అరిస్తే అరవనియ్యమ్మా. నువ్వు మాత్రం చేసే పని ఆపకు. ఆపేవంటే ఇంకా అరుత్తాది” అని చెప్పింది. నాకు ఇరవై రెండేళ్లు. ఇంట్లో ఎవరూ నా మీద గొంతెత్తి ఎరగరు. ఆమెను చూస్తే భయం కంటే అసహ్యం ఎక్కువగా ఉండేది. అంత పెద్దదై ఉండి కాస్త నెమ్మదిగా చెప్పొచ్చు కదా అనుకునేదాన్ని.

చేరిన నెల్లాళ్లకు ఒక చేపల వ్యాపారిని తీసుకొచ్చారు. యాభై ఏళ్లుంటాయి. బజార్లో నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూ కూలిపోయాడట. నాడి లేదు, ఊపిరి లేదు. నేనే దగ్గర ఉన్నాను. మంచం పక్కన స్టూలెక్కి ఆయన రొమ్ము మీద రెండు చేతులూ వేసి నొక్కడం మొదలుపెట్టాను. చదువుకున్నదంతా చేస్తున్నాననే అనుకున్నాను. భయంలో ఒంటి బరువంతా ఆయన మీదే వాలిపోయిందని నాకు తెలియలేదు. ఎస్తేరు సిస్టర్ పరుగున వచ్చి నా ముంజేతుల మీద ఫెడీమని కొట్టింది. “లేపవే! చెయ్యి లేపు! అతని మీద పడుకున్నావేంటే?” అంది. ఆయన భార్య గుమ్మంలోనే ఉంది, అంతా చూస్తోంది. సిస్టర్ నన్ను తోసేసి తను ఎక్కింది. అరగంటకు పైగా చేసింది. ఆయన తిరిగి రాలేదు. చెమట తుడుచుకుని, ఆ భార్య దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చుని చెప్పవలసిన మాట చెప్పింది. తర్వాత స్టాఫ్ గదిలో అందరి ముందూ నన్ను, “పరీక్షలో ఎలా పాసయ్యావు?” అని అడిగింది. ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం తినలేదు. చచ్చిపోయిన మనిషి కోసం కాదు, నా పరువు కోసం ఏడ్చాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మర్నాడు డ్యూటీ దిగాక, “నాతో రా” అంది. ఎక్కడికని అడగనివ్వలేదు. దరియాలతిప్పలో వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, లోపల్నుంచి ఒక రబ్బరు పంపు పట్టుకొచ్చింది. పడవ ఇంజిన్లోకి డ్రమ్ములోంచి డీజిల్ తోడుకుంటారే, అది. మధ్యలో గుప్పెడంత ఉండ, దానికి అటూ ఇటూ గొట్టాలు. ఒక గొట్టం నీళ్ల బకెట్లో పడేసింది.

“పిసుకు” అంది. పిసికి వదిలి, మళ్లీ పిసికాను. నీళ్లు చిమ్మాయి.

“ఇప్పుడు పట్టు వదలకుండా పిసుకు.”

పిడికిలి బిగించే ఉంచి మళ్లీ మళ్లీ నొక్కాను. రెండు చుక్కలు కారి ఆగిపోయాయి.

“ఏవీ నీళ్లు?”

“రావట్లేదండి. ఉండలోకి నీళ్లు ఎక్కలేదు.”

“ఎందుకెక్కలేదు?”

“నేను వదల్లేదు కదండి.”

“నిన్న ఆ మనిషికీ అదే చేశావు” అంది. నా మొహం చూసి కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. బకెట్ పక్కకు జరిపి చెప్పడం మొదలుపెట్టింది. “మనం నొక్కితే గుండె కొట్టుకుంటుందనుకుంటారు. కొట్టుకోదు. దాని పని మన చేతులు చేస్తాయి, అంతే. రొమ్ము ఎముకకీ వెన్నెముకకీ మధ్య గుండె నలిగి రక్తం పోద్దని కొందరంటారు, ఈ ఉండలాగ. కాదు, ఛాతీ మొత్తం బిగుసుకుంటే లోపలి ఒత్తిడికి రక్తం బయటికి తోసుకుపోద్ది, గుండె తలుపులు తెరుచుకుని దారి ఇస్తుందంతే అని ఇంకొందరంటారు. రెండూ నిజమేనేమో. పెద్ద పెద్ద డాక్టర్లకే ఇంకా తేలలేదు. మనకి తేలింది ఒకటి. చెయ్యి పూర్తిగా లేస్తేనే ఛాతీ పొంగి, ఒంట్లో రక్తాన్ని లోపలికి లాక్కుంటుంది. ఇంకోటి విను. నొక్కినప్పుడు ఒళ్లంతటికీ పోద్ది గానీ, గుండెకి దాని సొంత రక్తం అందేది మనం వదిలినప్పుడే. నువ్వు లేపకపోతే దానికి తిండి లేదు. తిండి లేని గుండె ఎలా లేస్తుందే?”

అరుగు మీంచి చూస్తే ఏటి ఒడ్డున పడవలు కనబడుతున్నాయి. అప్పుడు తమ్ముడి సంగతి చెప్పింది. ఏసురత్నం. ఒడ్డున వల లాగుతూ పడిపోయాడు. ఆ రోజు సెలవు కనుక ఆమె ఊళ్లోనే ఉంది. ఇసకలో మొదలుపెట్టి, ఆటోలో కూడా నొక్కుతూనే వేరే ఊరి ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరు, “ఆపమ్మా, నన్ను చూడనీ” అన్నాడు. ఆమె చేతులు తీసి పక్కన నిలబడింది. ఆయన స్టెతస్కోపు పెట్టి విన్నాడు. టార్చి కోసం వెతికాడు. ఎవరినో కేకేశాడు.

“డెబ్బై దాకా లెక్కపెట్టుకున్నాను, నిలబడి” అంది ఎస్తేరు సిస్టర్. “ఎన్నోసార్లు వరసగా నొక్కితేగానీ లోపల ఒత్తిడి ఎక్కదు. చెయ్యి తియ్యగానే పడిపోద్ది. మళ్లీ మొదటినుంచి ఎక్కించుకోవాలి. అది తెలుసు నాకు. తెలిసీ నిలబడ్డాను. ఎందుకంటే చెప్పింది డాక్టరు కాబట్టి. వాడు బతికేవాడని నేను చెప్పట్లేదు. నేను ఆపానని చెప్తున్నాను.”

ఆ తర్వాత ఎప్పుడూ నా దగ్గర తమ్ముడి పేరెత్తలేదు. బకెట్లో నీళ్లు అరుగు కింద పారబోసి, “పో, బస్సు పోద్ది” అంది.

ఏడాదిన్నర గడిచింది. ఆమె అరుపులు తగ్గలేదు, నాకు అసహ్యం పోయింది. వేసవి మధ్యాహ్నం ఒకనాడు, ఊరి పక్కనే ఉన్న రొయ్యల చెరువు దగ్గరినుంచి సత్యవేణి అనే కూలీని ఆటోలో తెచ్చారు. ముప్పై ఏళ్ల లోపు మనిషి. తడి చేత్తో మోటారు స్విచ్చి ముట్టుకుందట. చెరువుకీ ఆసుపత్రికీ అయిదు నిమిషాల దూరం. ఆమె భర్త సూరిబాబు చేతుల మీద మోసుకొచ్చి బల్ల మీద పడేశాడు. ఎస్తేరు సిస్టర్ క్షణం ఆలస్యం చెయ్యలేదు. బల్ల ఎత్తు తనకు అందక, దాని మీదకే ఎక్కి, సత్యవేణి పక్కన మోకాళ్ల మీద కూర్చుని నొక్కడం మొదలుపెట్టింది. మూడో నాలుగో నొక్కుకు పక్కటెముక పటుక్కుమనడం నాకు వినబడింది. ఆమెకూ వినబడింది. ఆగలేదు.

ఆసుపత్రి యజమాని వచ్చాడు. మేము పెద్ద డాక్టరుగారు అనేవాళ్లం. ఒక్కసారి చూసి, “ఎస్తేరూ, దిగు. బయట అంబులెన్సుంది. కాకినాడ పంపించేద్దాం” అన్నాడు.

“కరెంటు షాకండి. గుండెకి షాకిచ్చే మిషను పెడితే లేస్తాది. పైన ఆపరేషన్ థియేటర్లో ఉంది, తెప్పించండి” అంది ఆమె, చేతులు ఆడిస్తూనే.

ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “ఇక్కడ పోయిందంటే రేపు గుమ్మంలో పడుకోబెట్టి గొడవ చేస్తారు. బండెక్కించెయ్. దార్లో ఏమైనా మనకి సంబంధం లేదు.”

ఆ మాట నేను నా చెవులతో విన్నాను. బల్లకు అవతలివైపు నిలబడి ఉన్నాను. ఇన్నేళ్లయినా ఆ వాక్యంలో ఒక్క అక్షరం మరిచిపోలేదు.

“ఇప్పుడు బండెక్కించాలంటే చేతులు తియ్యాలండి. తీస్తే రక్తం ఆగిపోద్ది” అంది సిస్టర్.

“చెప్తుంటే వినబడట్లేదా? దిగమన్నాను!”

“ఒకసారి తీసేనండి. ఇంక తియ్యను.”

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. గదిలో నాకొక్కదానికే అర్థమైంది. ఆయన నా వైపు తిరిగి, “మంగాదేవీ, ఆవిణ్ని దింపు” అన్నాడు. నేను ముందుకు అడుగు వేశాను. దాచడం దేనికి, చెయ్యి చాచి సిస్టర్ భుజం మీద వేశాను కూడా. ఆమె నా వైపు చూడలేదు. “మిషను తే” అంది. అంతే. నేను ఎవరి మాట వింటున్నానో తేల్చుకునేలోపే మెట్లెక్కుతున్నాను.

మిషను తెచ్చి తగిలించాం. తెర మీద గీత పిచ్చి పట్టినట్టు వణుకుతోంది. సూరిబాబూ, చెరువు దగ్గరి కూలీలూ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. వాళ్లు చూస్తున్నారనే కాబోలు, పెద్ద డాక్టరుగారు ఛాతీకి ఆనించే ప్యాడిల్స్ అందుకున్నాడు. అది చార్జి అయ్యేదాకా సిస్టర్ చేతులు ఆపలేదు. “ఇప్పుడు తీస్తున్నాను, ఇవ్వండి” అని ఒక్కసారి వెనక్కి జరిగింది. ఒళ్లు ఎగిరిపడింది. మళ్లీ వెంటనే చేతులు. రెండో షాకు. మళ్లీ చేతులు. కాసేపటికి సత్యవేణి తల పక్కకు తిప్పి మూలిగింది. ఎస్తేరు సిస్టర్ మెడ మీద వేళ్లు పెట్టి చూసి, బల్ల దిగి, గోడకు ఆనుకుని నేల మీద కూలబడింది. అప్పుడు పంపించారు కాకినాడ. షాకు ఇచ్చింది ఆయనే, అది అబద్ధం కాదు. అందుకే మరింత కోపం నాకు. ఆ ఒక్క నిజం పట్టుకుని మిగతాదంతా అబద్ధం చేశాడు.

సత్యవేణి కొన్నాళ్లకు నడుచుకుంటూ ఊరికి వచ్చింది. ఆసుపత్రిలో చిన్న సభ పెట్టి పెద్ద డాక్టరుగారికి శాలువా కప్పారు. సూరిబాబును మైకు ముందుకు తోశారు. అతనికి లౌక్యం తెలియదు. “అయ్యగారు బండెక్కించెయ్యమన్నారండి. సిస్టరుగారు ఒప్పుకోలేదండి. ఆవిడ దిగుంటే నా పెళ్లాం పోయేదేనండి” అని, చేతులు జోడించి అందరికీ దణ్ణం పెట్టాడు. సభ చప్పబడిపోయింది.

రెండు రోజులకు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. టైపు చేసిన కాగితం ఒకటి బల్ల మీద ఉంది. రోగిని తెచ్చేటప్పటికి నాడి నిలకడగా ఉందని, పెద్ద ఆసుపత్రికి పంపే ఏర్పాట్లు జరుగుతుండగా ఎస్తేరు రాణి డాక్టరు ఆదేశాన్ని ధిక్కరించి, రోగి మీదకెక్కి, రెండు పక్కటెముకలు విరిగేలా ప్రవర్తించిందని అందులో ఉంది. కింద సాక్షి అని నా పేరు. “సంతకం పెట్టమ్మా, నీకేం భయం లేదు” అన్నాడాయన, ఎంతో ప్రేమగా. మా నాన్న అప్పుడే నాకు సంబంధాలు చూస్తున్నాడు, ఉద్యోగం పోతే ఇంట్లో ఏమంటారో అనుకున్నాను. ఇలాంటివి ఎన్నయినా చెప్పగలను. సంతకం పెట్టాను. ఆ సాయంత్రమే ఆమెను రేపటినుంచి రావద్దన్నారు.

పదిహేను రోజులు మొహం చాటేసి, చివరికి దరియాలతిప్ప వెళ్లాను. ఎస్తేరు సిస్టర్ చేపలు కడుగుతోంది. లేవలేదు. నేను ఏడుస్తూ ఏదేదో చెప్పాను.

“ఏడుపాపు. నీ సంతకం లేకపోయినా నన్ను తీసేసేవాడు. దానికి కాదు” అంది. చేతిలో చేపను పళ్లెంలోకి విసిరింది. “నాడి నిలకడగా ఉందని రాశారంట. దానికి సంతకం పెట్టావు. ఆవిడ చచ్చిపోయి ఉంది మంగా. బల్ల మీద నువ్వూ నేనూ చూసింది చచ్చిన మనిషిని. నా గురించి ఏం రాసుకుంటారో రాసుకోమను. ఒంట్లో జరిగినదాని గురించి అబద్ధం రాస్తావా? రేపు ఇంకో పిల్ల ఆ కాగితం చదివి ఏం నేర్చుకుంటాది? డాక్టరు ఆపమంటే ఆపాలనా?”

ఆమె చేతులు కడుక్కుని వచ్చి, “ఆదివారం ఆరాధనయ్యాక చర్చి వరండాలో ఆడవాళ్లకి ఈ నొక్కడం నేర్పిద్దామనుకుంటున్నాను. బొమ్మా గిమ్మా ఏం లేవు. ఒక గట్టి దిండు పట్టుకురా” అంది. క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు. నేను అడగలేదు. దిండు పట్టుకెళ్లాను.

ఆ పైనెల నేను ఆ ఆసుపత్రి మానేసి వేరే చోట చేరాను. ఎస్తేరు సిస్టర్‌కు మాత్రం మళ్లీ ఎక్కడా ఉద్యోగం రాలేదు. రోగుల ఎముకలు విరగ్గొట్టే మనిషని పేరు పాకించేశారు. ఇళ్లకు వెళ్లి కట్లు కట్టి, ఇంజెక్షన్లు చేసి బతికింది. వరండాలో, పడవల రేవులో, ఆటో స్టాండులో, దిండును గోనెసంచిలో దూర్చి దాని మీద నేర్పింది. సరిగ్గా చెయ్యని వాళ్లను తిట్టింది. తిట్లు పడలేక సగంమంది మళ్లీ వచ్చేవారు కాదు. మిగిలిన సగంతో సరిపెట్టుకుంది. పదేళ్లు ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.

రెండేళ్ల క్రితం మూత్రపిండాల జబ్బుతో పోయింది. మంచం మీద, ఇంట్లో, తెలివి ఉండగానే. జ్ఞాపకార్థ కూడికకు ఊళ్లో చాలామంది వచ్చారు. ముందు వరసలో పెద్ద డాక్టరుగారు, తెల్లబట్టల్లో. ఆయన్ను మాట్లాడమన్నారు. “ఎస్తేరు మా కుటుంబంలో మనిషి. ఎంత శాంతం! ఎంత ఓర్పు! ఒక్కనాడూ గొంతు పెంచి మాట్లాడిన మనిషి కాదు” అన్నాడు. జనం తలలు ఊపారు. నా ఒళ్లు మండిపోయింది. బతికుండగా ఆమె ఉద్యోగం లాక్కున్నాడు, చచ్చాక ఆమె కోపం కూడా తీసేసుకుంటున్నాడు. నన్నెవరూ పిలవలేదు. లేచాను.

“సిస్టరుగారు శాంతమూర్తి కాదండి. అరిచేవారు. నన్ను కొట్టారు. కొట్టాల్సిన పనే చేశాను” అన్నాను. “సత్యవేణిని తెచ్చినప్పుడు నాడి లేదు. ఉందని రాసిన కాగితం మీద సంతకం నాది. అది అబద్ధం. సిస్టరుగారిని దిగమన్నదీ, ఆవిడ దిగనిదీ నిజం. దార్లో ఏమైనా మనకి సంబంధం లేదన్న మాట కూడా నేను విన్నాను. అన్నవారు ఇక్కడే కూర్చున్నారు.”

పాస్టరుగారు కంగారుగా పాట అందుకోబోయారు. ఆడవాళ్ల వైపు నుంచి సత్యవేణి లేచింది. ఎడమ పక్కటెముకల మీద చెయ్యి వేసుకుంది. “ఇక్కడండి. ముసురు పడితే ఇప్పటికీ సలుపుతాదండి” అంది. “సలిపినప్పుడల్లా ఆవిడికి దణ్ణం పెట్టుకుంటాను. నేను బతికున్నాను కాబట్టే గదండీ ఆ నొప్పి.” అని కూర్చుంది. పెద్ద డాక్టరుగారు ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆయనకు ఏమీ కాలేదు. ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పటికీ పెళ్లిళ్లలో కనబడితే జనం లేచి కుర్చీ ఇస్తారు. ఇన్నేళ్లు నోరు మూసుకుని, ఆమె ఇక వినలేనప్పుడు నోరు తెరిచానన్న కోపం నా మీద నాకు అలాగే ఉంది. అది తగ్గాలని కూడా నేను కోరుకోవడం లేదు.

ఇప్పుడు పనిచేసే చోట, గుండె ఆగిన రోగి వచ్చిన ప్రతిసారీ కేస్ షీటులో నేనొక వరస రాస్తాను. చేతులు ఎప్పుడు పడ్డాయి, ఎప్పుడు ఆగాయి, ఎంతసేపు ఆగాయి, ఎవరు ఆపమన్నారు. రాయమని నన్నెవరూ అడగలేదు. కొత్తగా వచ్చిన డ్యూటీ డాక్టరు, కుర్రాడు, మంచివాడే, గత వారం అది చదివి ఇబ్బందిగా నా దగ్గరికి వచ్చాడు.

“సిస్టర్, నేను ఆపమన్నది నలభై సెకన్లని రాశారు.”

“అవునండి.”

“అంతసేపా?”

“గడియారం చూసే రాశానండి.”

“ఇది ఉంటే రేపు నాకు ఇబ్బందవుతుంది కదండీ. కొట్టెయ్యకూడదా?”

“లేదండి” అన్నాను. “అంతసేపూ ఆ రోగి ఒంట్లో రక్తం కదల్లేదు.”

అతను ఆ వరస మళ్లీ మొదటినుంచి చదివాడు. ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.